పెరటి కొలనుకి ఆయకట్టు

పోరుమామిళ్ల చెరువు దగ్గర రెండు రాతిపలకల మీద ఒక శాసనం ఉంది. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369. మొదటి బుక్కరాయల కొడుకు, ఉదయగిరి నుంచి పాలించిన భాస్కర భవదూరుడు చెరువు తవ్వించి అనంతరాజసాగరం అని పేరు పెట్టిన సందర్భం. భాష సంస్కృతం, లిపి తెలుగు. దానధర్మాలు, వంశస్తుతి లాంటివి ఏ శాసనంలోనైనా ఉంటాయి. ఇందులో మాత్రం అవి దాటాక ఒక మాన్యువల్ మొదలవుతుంది. మంచి చెరువుకి ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడనివి ఆరు. రెండు జాబితాలూ వరసగా చెక్కించారు.

ఉరవకొండలో మా పెరట్లో కోయి చేపలు పెంచడానికి ఒక చిన్న కొలను కడదామని కొన్నాళ్ళుగా లెక్కలు వేస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఈ అభిరుచి గురించి చెప్పేవన్నీ చదివాక ఆ శాసనం మళ్ళీ చదివితే, ఆరు వందల యాభై ఏళ్ళ దూరంలో ఉన్న ఇద్దరు ఒకే సంగతి మాట్లాడుతున్నట్టు అనిపించింది. ఒక్క విషయంలో మాత్రం శాసనమే ముందుంది.

ముందు ఆ పన్నెండూ. ధర్మం తెలిసి, డబ్బుండి, కీర్తి కోరుకునే రాజు. నీటిశాస్త్రం తెలిసిన పండితుడు. గట్టి బంకనేల. మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తియ్యటి నీటి ఏరు. పక్కన కొండ. నడుమ మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట. లోతూ వెడల్పూ ఉన్న గర్భం. దగ్గర్లోనే రాయి దొరికే గని. కింద సారవంతమైన చదును పొలాలు. ఇలా సాగి చివరికి పన్నెండోది: పని తెలిసిన మనుషుల గుంపు. రోజుకి వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళు పనిచేస్తే కట్ట పూర్తయిందని కూడా అందులోనే ఉంది.

ఇప్పుడు ఆరు దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండడం, చెరువు నడిమధ్య మిట్ట, నీళ్ళు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం.

మొదటి నాలుగూ పెరటి కొలనుకి ఎంత చక్కగా అతుకుతాయో చూడండి. ఊట సంగతి చెప్పక్కర్లేదు. చౌడు బదులు మనకి కొత్త సిమెంటు ఉంది. అందులోంచి సున్నం దిగి నీటి క్షారగుణం పెరుగుతుంది కాబట్టి, కొత్త తొట్టిని కొన్నిసార్లు నింపి, ఖాళీ చేసిగానీ చేపల్ని వదలకూడదు. రెండు రాజ్యాల సరిహద్దు అంటే పక్కింటివాళ్ళతో ఉమ్మడి గోడ. మన కొలను చెమ్మ వాళ్ళ పునాదిలోకి దిగితే యుద్ధమే. నడిమధ్య మిట్ట ఉంటే చెత్త అక్కడక్కడే నిలబడిపోతుంది. అందుకే అడుగంతా ఒకే గుంతవైపు వాలుగా ఉండాలి.

అయిదూ ఆరూ దోషాల దగ్గరికి తర్వాత వస్తాను. దానికి ముందు చేప ఎవరో తెలుసుకోవాలి.

కోయి అనగానే బంగళా లాన్లు, స్టార్ హోటళ్ళ లాబీలు గుర్తొస్తాయి. కానీ ఆ చేప పుట్టిల్లు జపాన్‌లో నీగాటా ప్రాంతపు కొండ ఊళ్ళు. యామాకోషి చుట్టుపక్కల మెట్లు మెట్లుగా వరిమళ్ళు, వాటికి నీళ్ళిచ్చే చిన్న చిన్న చెరువులు. చలికాలం మంచు కమ్మేసి దారులు మూసుకుపోతే తిండికి పనికొస్తుందని రైతులు ఆ చెరువుల్లో కార్ప్ చేపలు పెంచేవాళ్ళు. 19వ శతాబ్దం తొలినాళ్ళలో ఆ చేపల్లో అక్కడక్కడా ఎరుపు, తెలుపు మచ్చలు కనిపించాయి. రైతులు వాటిని వేరుచేసి, జతకట్టించి, తరతరాలుగా ఏరుతూ వచ్చారు. 1914లో టోక్యోలో జరిగిన తైషో ప్రదర్శనకి వాటిని తీసుకెళ్ళేదాకా బయట పెద్దగా ఎవరికీ తెలియదు. జపనీస్‌లో దీని పేరు నిషికిగోయి. నిషికి అంటే రంగుల బుటాల పట్టు. నేతగాళ్ళ ఊరు ఉరవకొండకి ఈ పేరు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. కోయి తోబుట్టువు కామన్ కార్ప్ మన దేశానికి 1939లో సిలోన్ మీదుగా నీలగిరికి ఒకసారి, 1957లో బాంకాక్ నుంచి కటక్‌కి ఒకసారి వచ్చింది. మన చేపల రైతులు దానికి పెట్టుకున్న పేరు బంగారుతీగ. కట్ల, రోహులతో పాటు మన చెరువుల్లో పెరిగే చేపే అది. కాబట్టి కోయిని రాజుగారి తోట చేప అనుకోవడం పొరపాటు. అది సాగునీటి చెరువులో పుట్టిన చేప. దాన్ని పెంచడమంటే, చిన్నదైనా ఒక చెరువుని పోషించడమే.

పోషించడం అనే మాట దగ్గరే అసలు కథ మొదలవుతుంది. తవ్వడం వారం రోజుల పని. ఆ తర్వాత చేపల మలం నుంచి అమోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకి విషం, మూడోది మొక్కకి ఎరువు. ఫిల్టర్‌లో ఈ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తళతళలాడే కొత్త కొలనులో మొదటి రోజే చేపల్ని వదిలితే అవి చచ్చేది ఇందుకే. నీరు కంటికి తేటగా ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. పైగా వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 35 డిగ్రీల దగ్గర 7 పట్టడమే కష్టం. మంచు ఊళ్ళో పుట్టిన చేపకి మన మే నెలలో నీడా, రాత్రింబగళ్ళు ఆడే గాలిపంపూ ఉండి తీరాలి. కరెంటు పోతే వాటిని చూసుకునే మనిషీ ఉండాలి.

ఈ 'మనిషీ ఉండాలి' అన్నది రాయలసీమ చెరువుల చరిత్రలో చిన్న విషయం కాదు. చెరువు కట్టినవాడికో, బాగుచేసేవాడికో భూమిని మాన్యంగా ఇచ్చే పద్ధతి ఒకటి ఉండేది. దాని పేరు దశబంధం. పూడిక తియ్యాలి, కట్ట చూసుకోవాలి, తూము కాపాడాలి. నీళ్ళు పంచడానికి నీరుగంటి వేరే. అంటే చెరువుకి జీతగాళ్ళుండేవాళ్ళు, ఆ జీతం చెరువు కింది నేలలోంచే వచ్చేది. 1800లో దత్తమండలాలకి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, ఇక్కడ కొత్త చెరువులు కట్టాలనుకోవడం దండగని, అనువైన చోటల్లా జనం ఎప్పుడో కట్టేసుకున్నారని తేల్చాడు. అంటే అప్పటికే మిగిలిన పని కట్టడం కాదు, కాపాడడం. ఆ కాపాడే ఏర్పాటే తర్వాత సడలిపోయింది. 1858లో మద్రాసు ప్రభుత్వం, గండి పడే ప్రమాదం వస్తే ఊరివాళ్ళు శ్రమ చెయ్యాల్సిందేనని చట్టం తెచ్చింది. ఆనవాయితీగా జరిగే పనికి చట్టం అవసరపడిందంటే ఆనవాయితీ ఏ స్థితిలో ఉందో ఊహించుకోవచ్చు.

ఏర్పాటు లేనిచోట భారం ఎవరి మీద పడుతుందో అనంతపురం జిల్లా కథే చెబుతుంది. బుక్కరాయసముద్రం చెరువుకి గండి పడబోతే ఊరికోసం ఆ గండిలో నిలబడి ప్రాణమిచ్చిన కోడలు ముసలమ్మ. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడు, 1899లో పోటీకి రాసిన 'ముసలమ్మ మరణము' ఈ కథే. కొత్త కావ్యాలకి అది ఆరంభమని సాహిత్య చరిత్రల్లో చదువుకున్నాం. ఆ కథని త్యాగం అని చదవడం అలవాటైపోయింది కానీ, నాకు అందులో ఒక ఇంజినీరింగ్ ప్రశ్న కూడా కనిపిస్తుంది. మరవ ఎందుకు చాల్లేదు? కట్ట ఎవరు చూడాలి? కట్టించిన రాజు పేరు చెరువుకి ఉంది. గండిలో నిలబడింది మాత్రం ఒక ఇంటి కోడలు. పెరటి కొలనుల విషయంలోనూ ఇంతే. సెలవుల్లో వచ్చి తవ్వించేది కొడుకు, ఫొటోలు కొడుకువి. ఫిల్టర్ కడగడం, మేత వెయ్యడం, కొంగని తోలడం అమ్మ పని అవుతుంది. అందుకే మా ఇంట్లో పైపుల కొటేషన్ కంటే ముందు దశబంధం తేలాలన్నాను. మేత వేసేదీ ఫిల్టర్ కడిగేదీ ఎవరు, దానికి నెలకి ఎంత ఇస్తాం?

ఇంతా చేసి, ఉరవకొండలో అలంకారానికి నీళ్ళా అన్న ప్రశ్న మిగిలే ఉంది. పాత అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఊరికి దగ్గర్లోనే పెన్నహోబిలం జలాశయం ఉన్నా, అందులోకి వచ్చేవి తుంగభద్ర ఎగువ కాలవ నీళ్ళు. ఇక్కడ ప్రతి బిందెకీ లెక్కుంటుంది కాబట్టి లెక్కే వేద్దాం.

మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు ఉన్న కొలనులో 7,200 లీటర్లు పడతాయి. చేపకి వెయ్యి లీటర్ల లెక్కన ఏడుకి మించి పెంచకూడదు. ఎండాకాలం రోజుకి సెంటీమీటరు ఆవిరైందనుకుంటే 60 లీటర్లు, నెలకి 1,800. నైట్రేట్ పేరుకోకుండా వారానికి పదో వంతు నీళ్ళు మార్చాలి. అది నెలకి దాదాపు 3,000. ఎండ తాగేదానికంటే మనం పారబోసేదే ఎక్కువ!

ఇక్కడే ఆ ఆరో దోషం గుర్తొచ్చింది. పొలం తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం. ఊరు ఎండిపోతున్నా సరే, కింద ఆయకట్టు లేని నీళ్ళని దోషమనే అన్నాడు శాసనకర్త. అలంకారపు కొలనులన్నిటి తప్పూ అదే. మార్చిన నీళ్ళు కాలవలోకి పోతే దోషం. అవే నీళ్ళు మునగచెట్టుకి, కరివేపాకుకి, రెండు కొబ్బరిచెట్లకి పోతే, ఎలాగూ బోరునుంచి తోడి పోసే నీళ్ళే చేపల మీదుగా, ఎరువు కలుపుకుని వెళ్ళినట్టు. అప్పుడు కొలనుకయ్యే అసలు ఖర్చు ఆవిరి ఒక్కటే. దానికి నూరు చదరపు మీటర్ల మిద్దె మీద పడే వాన చాలు. లెక్కకి 55,000 లీటర్లు, సగం పోయినా మిగులే. కాకపోతే ఆ వానని ఎండాకాలం దాకా దాచే తొట్టి ఉండాలి. అయిదో దోషం తప్పాలంటే మొక్కలు ఆ నీళ్ళకి మించకూడదు.

కాబట్టి వరస ఇలా పెట్టుకున్నాను. మొదట మిద్దె నీళ్ళకి తొట్టి. తర్వాత చెట్లకి పాదులు, కాలవ. ఆ తర్వాత ఉత్తరం వైపు నీడలో, ఉమ్మడి గోడకి దూరంగా కొలను. ఆరు వారాలు ఉత్త నీళ్ళు, బాక్టీరియా. చేపలు అన్నిటికంటే చివర. కోయి దొరక్కపోతే నాలుగు బంగారుతీగలైనా సరే.