నొప్పి లేని బీమారి

"వికారాబాద్ కా హవా, లాఖ్ మరీజోఁ కా దవా" అని మా దిక్కు పాత మాట. అనంతగిరి గుట్టల మీద నిజాం కాలపు టీబీ దవాఖాన వెలిసింది ఆ గాలి మీది నమ్మకంతోనే. క్షయ దగ్గించేది, నెత్తురు కక్కించేది. జనం భయపడి గుట్ట ఎక్కారు. బీపీ అట్లా భయపెట్టదు. మా తాండూరులో పొద్దంతా నాపరాళ్ళు మోసే మనిషిని అడగండి, "నాకేం బీమారి లేదు" అంటాడు. అబద్ధం కాదు, ఏమీ అనిపించదు. అనిపించిన రోజుకు మూతి వంకర పోయి, చెయ్యి పడిపోతుంది.

అమెరికాను ఏలిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కూడా ఇట్లాగే కూలాడు. 1935లో ఆయన బీపీ 136/78. 1941 నాటికి 188/105. పక్కనే ఉన్న సొంత డాక్టరు చెవి, ముక్కు, గొంతు వైద్యుడు. వయసుకు మామూలేనని సరిపెట్టాడు. చివరికి కూతురు పట్టుబడితే 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయెన్ అనే కుర్ర వైద్యుడు పరీక్షించాడు. పెదవులు నీలంగా ఉన్నాయి, గుండె ఉబ్బింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఉప్పు తగ్గించాలి, సిగరెట్లు తగ్గించాలి, బరువు తగ్గాలి, పడుకోవాలి అన్నాడు. తగ్గించగలిగినవి తగ్గించాడు పాపం. రెండో ప్రపంచ యుద్ధాన్ని తగ్గించడం ఎవరి తరం? ఇంతమంది డాక్టర్లు చుట్టూ తిరుగుతుంటే, నాకేమైందని ఆయన ఒక్కసారీ అడగలేదట. వాళ్ళూ చెప్పలేదు. ఆ నవంబరులో నాలుగోసారి గెలిచాడు. ఫిబ్రవరిలో యాల్టా సమావేశానికి వెళ్ళేసరికి మనిషి వడిలిపోయాడు. బ్రిటన్ ప్రధాని చర్చిల్ వెంట వచ్చిన వైద్యుడు చూడగానే ఎన్నో నెలలు బతకడనుకున్నాడు.

1945 ఏప్రిల్ 12. వార్మ్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో చిత్రకారిణి ముందు కూర్చుని ఉన్నాడు. తల వెనక విపరీతంగా నొస్తోందన్నాడు, ఒరిగిపోయాడు. అప్పటి బీపీ 300/190. మధ్యాహ్నం దాటకుండానే ప్రాణం పోయింది. వయసు 63. ఇది పిడుగులా వచ్చి పడిందని సొంత డాక్టరు లోకానికి చెప్పాడు. పదేళ్ళుగా అంకెలు ఎక్కుతూనే ఉన్నాయి, ఇంకా పిడుగేమిటి?

నన్ను ఎక్కువ కలచివేసేది మరొకటి. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే సర్పగంధ వేరు రక్తపోటు తగ్గిస్తుందని రాసి అచ్చు వేయించారు. ఆ కాగితం వైట్‌హౌస్ దాకా పోలేదు.

తాండూరుకు ఆ కొరత లేదు. సర్కారు దవాఖానలో బీపీ గోలీలు ఉచితం. తిండిలోనూ పెద్ద తప్పు లేదు: జొన్నరొట్టె, ఈ నల్లరేగడి కందిపప్పు. పక్కన చేరే ఊరగాయ, అప్పడం, పొద్దుగూకినాక సీసా, వేళ్ళ మధ్య బీడీ, తేడా వాటితోనే. రోజుకు మనిషికి 5 గ్రాముల ఉప్పు చాలు, అంటే ఒక చిన్న చెంచా. గల్లా మీద కదలక కూర్చునే సేటుకు రోజూ అరగంట నడక. ఎవరైనా వింటారా? గోలీ వేసుకుంటారు, 140/90 కిందికి దిగితే "నయమైంది" అని మానేస్తారు. అది నయం కాదు, గోలీ పని చేస్తోందంతే. మానిన సంగతి ఇంట్లో కూడా చెప్పరు. ఆశా కార్యకర్త గడప దాకా వచ్చి, మిషన్ తీసి చెయ్యి చాపమంటే, "పనికి పోయేదుంది, రేపు రా అమ్మా" అని బండి స్టార్ట్ చేస్తున్నారు.