నడుము నొప్పి ఉన్నా నేవీలో చేరిన కెనడీ

మెడికల్‌లో అన్‌ఫిట్ అన్నారంటే ఇక అంతే అనుకుంటాం మనం. ఈ చరిత్ర ఒకసారి చదవండి.

జాన్ కెనడీకి నడుము నొప్పి. అమెరికా ఆర్మీ తీసుకోలేదు. వాళ్ల నాన్న లండన్‌లో రాయబారిగా ఉన్నప్పుడు అక్కడ పనిచేసిన అలన్ కిర్క్, తర్వాత నేవీ గూఢచారి విభాగానికి పెద్ద అయ్యాడు. ఆయన సాయంతో 1941లో కెనడీ నేవీలో చేరాడు. తర్వాత ఏరికోరి తీసుకునే పీటీ బోట్ల దళంలోకీ వెళ్లాడు. ఆ పడవలు అలల మీద ఎగిరెగిరి పడతాయి, నడుము బాగున్నోడికే కష్టం.

1943 ఆగస్టులో సోలమన్ దీవుల దగ్గర జపాన్ యుద్ధనౌక ఆయన పడవను రెండు ముక్కలు చేసింది. ఇద్దరు చనిపోయారు. కాలిన తోటివాడి లైఫ్‌జాకెట్ పట్టీని పళ్లతో పట్టుకుని కెనడీ గంటల తరబడి ఈదాడు. మిగిలిన 11 మందిని బతికించింది మాత్రం ఆ దీవుల మూలవాసులు బియుకు గాసా, ఎరోని కుమానా. కొబ్బరికాయ మీద చెక్కిన కబురును శత్రువులున్న సముద్రంలో చిన్న దోనెలో మోసుకెళ్లారు.

కెనడీ ధైర్యం ఆయన సొంతం. కానీ తలుపు తెరిచింది నాన్న పలుకుబడి. మన నాన్నలకు అట్లాంటి పరిచయాలు లేవు, మనకున్నది రూలే. అందుకే ర్యాలీలో అన్‌ఫిట్ అంటే తలొంచుకుని బస్సెక్కకండి. కారణం అడగండి, రివ్యూ మెడికల్‌కు పోండి. అది దయ కాదు, మన హక్కు.