నిదుర రానీయని కాళ్ళు

నల్లమల కొండల పాదమున నున్న వెలుగోడులో, రాత్రి భోజనములు ముగిసి దీపము లార్పిన పిదప, ఒక ఇల్లాలు పక్కమీద ఒరిగినదనుకొందము. పగలంతయు వరిమడిలో నాట్లు వేసి వచ్చినది. కన్ను మూతపడు వేళకు పిక్కలలో ఏదో ప్రాకినట్లు, లోపలినుండి ఎవరో గుంజినట్లు ఉండును. కాలు కదిపినచో హాయి, కదపనిచో దుర్భరము. లేచి వాకిట నాలుగడుగులు నడచును. తిరిగి పండుకొనగానే కథ మొదటికి వచ్చును. "పొద్దంతా నిలబడితివి గదా, పీకవా మరి" అని అత్తగారు. "నరాల బలహీనత" అని బలపుమందు సీసా తెచ్చిన భర్త. "అంతయు నీ ఊహ" అని కొట్టివేసిన పొరుగువారు. ఈ మూడు మాటలలో నిజమెంతయో తేల్చుటకు వైద్యులకు మూడువందల యేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రనే పాఠకులకు మనవి చేయదలచినాము.

ఈ బాధను మొదట స్పష్టముగా వర్ణించినవాడు ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్. మెదడు అడుగున రక్తనాళములు కూడి ఏర్పడిన వలయమునకు నేటికిని ఆయన పేరే వాడుకలో నున్నది. 1672లో లాటిన్ భాషలో వెలువరించిన గ్రంథమున, పడక చేరగానే కాళ్ళుచేతులు నిలువక నిద్రకు దూరమైన రోగులను గూర్చి ఆయన వ్రాసెను. నల్లమందు కలిసిన ఔషధముతో వారికి ఊరట కలిగించెను. తరువాత చాలకాలము ఆ మాట మరుగున పడెను. 1861లో విట్‌మాక్ అను జర్మను వైద్యుడు ఈ లక్షణమును గుర్తించియు, దానిని మనోవికారముల జాబితాలో చేర్చెను. రోగికి కాలిబాధ చాలదన్నట్లు అపవాదు కూడ తోడయ్యెను.

ఆ అపవాదును తొలగించినవాడు స్వీడను దేశపు కార్ల్ ఆక్సెల్ ఎక్బోమ్. 1945లో ఆయన అనేక రోగులను పరీక్షించి, ఇది శరీరధర్మమునకు చెందిన వ్యాధియేయని నిరూపించి, 'నిలువని కాళ్ళు' అను అర్థమిచ్చు పేరు పెట్టెను. కొన్ని కుటుంబములలో ఇది తరతరములుగా వచ్చుచున్నదనియు, గర్భిణులలోను రక్తహీనులలోను హెచ్చుగా కనబడుననియు గమనించెను. 1953లో నార్డ్‌లాండర్ అను వైద్యుడు సిరలోనికి ఇనుము ఎక్కించి పలువురికి బాధ తగ్గించెను. కాలి నొప్పికి ఇనుముతో పనియేమి? ఈ ప్రశ్నకు సమాధానము మరి యాబది యేండ్లకుగాని లభింపలేదు.

ఇచట మన అడవి దారి యొకటి తగులును. తాకినంతనే దురద పుట్టించు దూలగొండిని ఎరుగని పల్లెవారుండరు. వెలుగోడు మద్రాసు రాజధానిలో భాగమైయున్న కాలమున, 1937లో, మద్రాసులోని దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు దూలగొండి గింజలనుండి లెవోడోపా అను పదార్థమును వేరుచేసిరి. అంతకుముందు 1913లో గుగ్గెన్‌హైమ్ దానిని యూరపులోని ఒక చిక్కుడుజాతి గింజలనుండి తీసియుండెను. మెదడు ఈ పదార్థమును డోపమిన్‌గా మార్చుకొనును. డోపమిన్ నాడీకణముల నడుమ వార్తలు మోయు దూత యని 1957లో ఆర్విడ్ కార్ల్‌సన్ చూపెను. 2000లో నోబెల్ బహుమానము నందుకొనెను. 1982లో టర్కీ వైద్యుడు అక్పినార్ లెవోడోపాతో ఈ కాళ్ళ బాధ శమించుట ప్రకటించెను. గుట్టు కాలిలో లేదు, మెదడులో నున్నదని అప్పుడు బలపడెను.

డోపమిన్ తయారగుటకు ఇనుము అవసరము. 2001లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ వైద్యులు అయస్కాంతపు చిత్రములతో పరీక్షించి, ఈ రోగుల మెదడులోని నల్లని కేంద్రమున ఇనుము తక్కువగా నున్నదని తెలిపిరి. రక్తములో ఇనుము చాలినంత యున్నవారిలోను మెదడున కొరత యుండవచ్చును. 2007లో ఈ వ్యాధితో సంబంధముగల జన్యువులు బయటపడెను. ఎక్బోమ్ చెప్పిన వంశపారంపర్యమునకు అది ఆధారమయ్యెను.

మన వాడుకలో 'నరము' అను ఒక్కమాట రక్తపు సిరకును, స్పర్శను మోయు తంతువునకును చెల్లుచున్నది. కనుకనే 'నరాల బలహీనత' అనగానే మందుసీసా వచ్చును, కారణము మాత్రము దొరకదు. కొందరిలో మధుమేహమువలన కాలి నాడులు చెడియో, మూత్రపిండములు చెడియో ఈ బాధ కలుగవచ్చును. తక్కినవారిలో తరచు కాలి నాడులు చక్కగానే యుండును. తప్పినది మెదడులోని ఏర్పాటు.

ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత యున్నట్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. కావున వెలుగోడులోని ఆ ఇల్లాలికి ముందుగా కావలసినది బలపుమందు కాదు, రక్తపరీక్ష. హిమోగ్లోబిన్‌తోపాటు, శరీరములో దాచుకొన్న ఇనుము నిల్వను తెలుపు ఫెరిటిన్‌ను కూడ చూడవలెనని వైద్యుని అడుగవలెను. దూలగొండి గింజలను తామే నూరుకొని తినుట ప్రమాదము. లెవోడోపా దీర్ఘకాలము వాడినచో కొందరికి బాధ రాత్రికి మారుగా పగలే మొదలగును. అందువలననే నేటి వైద్యులు దానిని మొదటి మందుగా ఇచ్చుటలేదు.

అత్తగారి మాటలో కొంత నిజము కలదు. పగటి శ్రమ కాలిని నొప్పించును. కాని ఆ నొప్పి పండుకొనిన తగ్గును. ఇది పండుకొనిన హెచ్చును. ఈ తేడా తెలిసిన ఇంటిలో, రాత్రి వాకిట నడచు మనిషిని "ఊహ" యని ఎవరును అనరు.