ఆర్సెనిక్ వలన చెడిన డి.ఎన్.ఏ. మరమ్మత్తు

దెబ్బతిన్న డి.ఎన్.ఏ.ను కణం తనంతట తానే సరిచేసుకొనే ప్రక్రియను డి.ఎన్.ఏ. మరమ్మత్తు అంటారు. బంగ్లాదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో బోరుబావుల నీటి ద్వారా లక్షలాది మంది దేహంలో చేరిన ఆర్సెనిక్ ఈ మరమ్మత్తునే కుంటుపరుస్తుంది. చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు ఇదొక కారణం. ఆర్సెనిక్ నిజానికి అర్ధలోహం. అయినను దీనిని విషలోహాలతో కలిపి చెప్పడం పరిపాటి.

ఆర్సెనిక్ నేరుగా డి.ఎన్.ఏ.ను తాకదు. కణంలో చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టించి, వాటి ద్వారా గ్వానిన్ అనే క్షారాన్ని ఆక్సీకరణకు గురిచేస్తుంది. అలా మారిన గ్వానిన్ సైటోసిన్‌కు బదులు అడెనిన్‌తో జతకట్టిన యెడల ఉత్పరివర్తన ఏర్పడుతుంది. ఓ.జి.జి.1 అనే ఎంజైము ఈ చెడిన క్షారాన్ని వెదకి తొలగిస్తుంది. వేరొక ఎంజైము అక్కడ పోగును కత్తిరించగా, పాలిమరేజ్ ఖాళీని పూరిస్తుంది, లైగేజ్ అతుకుతుంది. ఈ విధమైన మరమ్మత్తును కనుగొన్న థామస్ లిండాల్ 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకొన్నాడు.

తెగిన పోగును పసిగట్టే పార్ప్-1 ప్రోటీనులో సిస్టీన్‌లోని గంధకం జింకును పట్టి ఉంచుతుంది. ఆర్సెనిక్ ఆ గంధకానికి అంటుకొని జింకును నెట్టివేయడంతో ప్రోటీను పని చెడుతుంది. కాడ్మియం మాత్రం డి.ఎన్.ఏ. నకలులో దొర్లిన తప్పు జతలను దిద్దే మరమ్మత్తును అడ్డుకొంటుందని 2003లో ఈస్ట్ కణాలపై జరిపిన పరిశోధనలో తేలింది.