శ్రీ లైమన్ జూయెట్ దొరగారు

లైమన్ జూయెట్ గారు 1813లో అమెరికాయందు జన్మించి, బాప్టిస్టు బోధకులై 1849లో నెల్లూరు చేరిరి. వీరు బోధకులు మాత్రమే కారు. తెలుగు నేర్చి, తెలుగు క్రొత్త నిబంధనమును సవరించిన పండితులు. పరభాషయందు శబ్దసాధుత్వము విచారించుట యెంతటి శ్రమమో వ్యాకరణము చదివినవారెఱుగుదురు.

1854 జనవరి 1వ తేదీ వేకువను జూయెట్ దంపతులు మువ్వురు తెలుగు క్రైస్తవులతో ఒంగోలు కొండపై ప్రార్థించిరి. నెల్లూరు మిషనునకప్పటికి ఫలము స్వల్పము. దానిని మూసివేయుదమాయని అమెరికాలోనివారు పలుమారులు తలపోసిరి. 1862లో స్వదేశమున ఆ ప్రస్తావమే మరల రాగా, తామొక్కరైనను పోయి తెలుగువారి నడుమనే ప్రాణము విడుతుమని జూయెట్ గారు పట్టుపట్టి, జాన్ క్లౌ గారితో 1865లో తిరిగివచ్చిరి.

మన మాదిగ కులజుడైన యెర్రగుంట్ల పేరయ్యగారు 1866లో బాప్తిస్మము పొందిరి. తోళ్లవ్యాపారము చేయుచు, అంతకుముందే యోగమార్గమున సత్యమును వెదకినవారాయన. మనవారు కూటికై మతము మార్చిరనువారు ఈ పేరయ్యగారి నెఱుగరు. 1877 కరవులో క్లౌ గారు బకింగ్‌హాము కాలువపనిలో వేలమందికి కూలి చూపిరి. ఆ పని జరిగినన్నాళ్లు బాప్తిస్మములు నిలిపివేసిరి. పని ముగిసిన పిదప, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆర్గురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా నీట నిలిచిరి.

జూయెట్ గారు 1897లో అమెరికాయందు దివంగతులైరి.