దోషం లేని నాయకుడు: ప్రతాపరుద్రీయం నుంచి నారాయణరావు దాకా

ఉపోద్ఘాతం:

నాయకుడు ఎంత గుణవంతుడైతే కావ్యానికి అంత ప్రతిష్ఠ అన్నది మన అలంకారశాస్త్రంలో చాలాకాలం బలంగా నిలిచిన అభిప్రాయం. ఆధునిక నవలా విమర్శ దీన్ని తలకిందులు చేసింది. లోపమే లేని నాయకుణ్ణి “అసహజమైన పాత్ర” అన్న ఒక్కమాటతో అది పక్కన పెడుతుంది. అడివి బాపిరాజు ‘నారాయణరావు’ను తరగతిలో చెప్పేటప్పుడు విద్యార్థుల నుంచి మొదట వినిపించేదీ ఆ మాటే. మాటలో నిజం లేకపోలేదు. కానీ చర్చ అక్కడితో ముగిసిపోతే ఒక చిక్కు మిగులుతుంది. రామాయణ నాయకుడూ సకలగుణాభిరాముడే. ఆ కథ తరతరాలుగా విసుగు పుట్టించలేదు. కాబట్టి ఇబ్బంది గుణాల సంఖ్యలో ఉందనడం కుదరదు. ఆ గుణాలను ఎదిరించి నిలిచే మనిషికి రచయిత కథలో చోటిచ్చాడా అన్న కోణం నుంచి కొన్ని రచనలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

రాజే లక్ష్యం:

విద్యానాథుని ‘ప్రతాపరుద్రీయం’ ఓరుగల్లులో కాకతీయుల చివరి కాలంలో పుట్టిన అలంకారగ్రంథం. తొమ్మిది ప్రకరణాలలో మొదటిది నాయకప్రకరణం. మహాకులీనత, ఔజ్జ్వల్యం, మహాభాగ్యం, ఔదార్యం, తేజస్విత, వైదగ్ధ్యం, ధార్మికత్వం మొదలైన నాయకగుణాలను ఇందులో చెప్పి, ధీరోదాత్తాది భేదాలను వివరిస్తాడు. ఇంతవరకు కొత్తేమీ లేదు. విశేషమంతా ఉదాహరణలలో ఉంది. పూర్వపు లాక్షణికులలో చాలామంది పలువురు కవుల శ్లోకాలను ఏరి చూపగా, విద్యానాథుడు ఉదాహరణలను తానే రచించి, వాటన్నిటికీ తన ప్రభువైన ప్రతాపరుద్రుణ్ణే లక్ష్యం చేశాడు. నాటకలక్షణం చెప్పవలసి వచ్చినప్పుడు ఏకంగా ఆయన మీద ఐదంకాల నాటకమే రాసి గ్రంథంలో చేర్చాడు. కళింగంలో విద్యాధరుడు ‘ఏకావళి’లో నరసింహదేవుని విషయంలో చేసిందీ ఇటువంటిదే. కనుక ఈ మార్గానికి విద్యానాథుడే ఆద్యుడు కాడు. అయినా దక్షిణాదిన విస్తృతంగా పఠనపాఠనాలలో ఉన్నది ఈయన గ్రంథమే. మల్లినాథసూరి కుమారుడు కుమారస్వామి దీనికి ‘రత్నాపణ’ వ్యాఖ్య రాశాడు.

ఒక్కొక్క ఉదాహరణ శ్లోకాన్ని విడిగా చదివితే రచన చక్కగానే ఉంటుంది. వరుసగా చదివినప్పుడే ఊపిరాడదు. ప్రతాపరుద్రుని ఖడ్గం ముందు నిలిచే శత్రువు లేడు, ఆయన కీర్తి వెలుగు చేరని దిక్కు లేదు. దండి ‘కావ్యాదర్శం’లో నాయకోత్కర్షకు రెండు దారులు చూపాడు: నాయకుని గుణాలను ముందుగా స్థాపించి, పిదప శత్రుసంహారం చెప్పడం ఒకటి, శత్రువు వంశాన్నీ వీర్యాన్నీ విద్యనూ వర్ణించి, అటువంటివాణ్ణి నాయకుడు జయించాడని చెప్పడం మరొకటి. ఈ రెండవదీ తనకు ప్రీతికరమేనన్నాడు దండి. శత్రువుకూ ఒక ఎత్తు ఉండాలన్న సాహిత్యజ్ఞానం అది. కొలువులో రాసే గ్రంథానికి ఆ అవసరం కనిపించలేదు.

1323లో ఉలుగ్ ఖాన్ సేనలకు ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదాతీరంలో మరణించాడని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనం చెబుతోంది. ఎన్నోసార్లు ఢిల్లీ సేనలను ఎదుర్కొని, ఒప్పందాలకు లొంగి, మళ్లీ తలెత్తి, చివరికి ఓడిపోయిన ఈ రాజు చరిత్రలో ఎంత ఆసక్తికరమైన మనిషో, విద్యానాథుని శ్లోకాలలో అంత చలనం లేని మూర్తి.

ప్రవరుడు ఇల్లు చేరాక:

ప్రతాపరుద్రుని సేనానులలో ఒకడైన నాగయ గన్ననికి మారన తన ‘మార్కండేయపురాణం’ అంకితమిచ్చాడు. (ఓరుగల్లు పతనానంతరం మతం మారి, ఢిల్లీలో మాలిక్ మక్బూల్‌గా వజీరు పదవి దాకా ఎదిగినవాడు ఈ గన్నడేనని చరిత్రకారుల నిర్ణయం. నాయకలక్షణాలలో దేనికీ ఒదగని జీవితం!) ప్రవరుని కథ అందులో ఉంది. పదహారో శతాబ్దంలో పెద్దన దాన్నే ‘మనుచరిత్ర’గా పెంచాడు.

ప్రవరుడు దోషం వెదకడానికి వీలులేని గృహస్థు. అరుణాస్పదంలో అగ్నిహోత్రాలూ అతిథిపూజలూ చేసుకుంటున్న అతనికి ఉన్న బలహీనత ఒక్కటే, దేశాలు చూడాలన్న కోరిక. ఆ కోరికతోనే సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకొని హిమాలయానికి వెళ్తాడు. మంచుకు లేపం కరిగిపోతుంది. ఆ చిన్న సందు లేకపోతే కథే లేదు. అక్కడ వరూధిని అతణ్ణి కోరుతుంది, వాదిస్తుంది, అతని ధర్మాన్ని తన తర్కంతో నిలదీస్తుంది. ఆమె వాదం ప్రవరునికి సమ్మతం కాకపోవచ్చు. పెద్దన మాత్రం దానికి పూర్తి బలం ఇచ్చాడు.

తర్వాత జరిగింది మనం తగినంతగా పట్టించుకోలేదనిపిస్తుంది. అగ్నిని ప్రార్థించి ప్రవరుడు ఇల్లు చేరుకుంటాడు. దానితో కథలో అతని పని అయిపోతుంది. అంతకుముందు వరూధిని తిరస్కరించిన గంధర్వుడు ప్రవరుని రూపం ధరించి వస్తాడు. స్వరోచి పుట్టేది ఆ మాయాప్రవరుని వల్ల. మనువు పుట్టేది స్వరోచి వంశాన. అంటే నిష్కళంకుడు నిష్క్రమించిన తర్వాతే వంశమూ కథా ముందుకు సాగాయి. పురాణం ఇచ్చిన ఇతివృత్తమే ఇది, నిజమే. కానీ ప్రవరుణ్ణి అంత ఉన్నతంగా నిలబెట్టి, అంత నిశ్శబ్దంగా పంపేయడంలో పెద్దనకు తన పాత్ర పరిమితి తెలుసునని నేననుకుంటాను.

పాచికల నాయకుడు:

ఈ సమస్య మనది మాత్రమే కాదు. 1973లో పౌలా స్మిత్ అనే అమెరికన్ రచయిత్రి ‘స్టార్ ట్రెక్’ అభిమానుల కథలను వెక్కిరిస్తూ మేరీ స్యూ అనే సర్వసమర్థురాలైన పదిహేనేళ్ల పాత్రను సృష్టించింది. అటువంటి పాత్రలకు ఆ పేరే స్థిరపడింది. మరుసటి ఏడు, 1974లో, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పాత్రధారణ క్రీడను ప్రచురించారు. ఇందులో నాయకునికి బలం, బుద్ధి మొదలైన ఆరు గుణాలుంటాయి. ఒక్కొక్కదాన్ని మూడు పాచికలు నిర్ణయిస్తాయి. మూడింటా ఆరే పడే అవకాశం 216లో ఒక్కటి. గుణపట్టిక విద్యానాథుని పద్ధతే. నింపేవాడు మాత్రం ఆస్థానకవి కాడు, యాదృచ్ఛికత. 1986లో వచ్చిన ‘గర్ప్స్’ ఇంకో అడుగు వేసింది. పాత్రకు ఒక లోపం అంటగట్టుకుంటే ఆటగాడికి అదనపు అంకాలు దక్కుతాయి, వాటితో గుణాలు కొనుక్కోవచ్చు. లోపానికి ధర కట్టినంత మాత్రాన అది కథలో పనిచేస్తుందన్న హామీ లేదు. కాగితం మీద ఉండి, ఆటలో ఎన్నడూ అడ్డురాని లోపం అలంకారమే.

1934:

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో ‘వేయిపడగలు’, ‘నారాయణరావు’ బహుమతిని పంచుకున్నాయి. రెండింటిలోనూ ఆదర్శనాయకులే. ధర్మారావు పండితుడు, నిష్ఠ గలవాడు, అయినా ఆ గుణాలు దేన్నీ కాపాడలేవు. సుబ్బన్నపేట కళ్లముందే కూలిపోతుంటుంది. గుణానికి ఫలితం లేకపోవడమే విశ్వనాథ నవలలోని విషాదం.

నారాయణరావు పరిస్థితి వేరు. రూపం, దేహబలం, చదువు, సంగీతం, సంపన్న కుటుంబం, దేశభక్తి అన్నీ ఉన్నాయి. రైలుప్రయాణంలో చూసిన జమీందారు తన కూతురు శారదకు తగిన వరుడని అప్పటికప్పుడే అనుకుంటాడు. బాపిరాజు కవి, చిత్రకారుడు, సహాయనిరాకరణోద్యమంలో జైలుకు వెళ్లినవాడు. ఆయన నాయకుడు ఒక వ్యక్తి కంటే, ఆ తరం ఆంధ్రయువకుడు ఎలా ఉండాలని కోరుకుందో ఆ కోరికల మొత్తం. మిత్రులూ బంధువులూ అతణ్ణి మెచ్చుకునే పుటలను ఈనాడు చదవడం కష్టమేనని ఒప్పుకోవాలి. అక్కడ ప్రతాపరుద్రీయం గాలి తగులుతుంది.

నవలను నిలబెట్టింది శారద. జమీందారీ మర్యాదలలో పెరిగి, తల్లి అయిష్టాన్ని వింటూ, జగన్మోహనరావు వంటివారిని చూస్తూ ఉన్న ఆ అమ్మాయికి, అందరికీ కనిపించే భర్త గొప్పతనం కనిపించదు. నాయకుని చేతిలో ఉన్న ఏ గుణమూ ఆ దూరాన్ని చెరపలేదు. అతను చేయగలిగింది వేచి ఉండటమే. ఆమె మనసు మెల్లగా మారే ఘట్టాలలోనే నారాయణరావు శరీరమున్న మనిషిగా అనిపిస్తాడు. నవలకు అతని పేరు పెట్టారు గాని, మార్పంతా ఆమెది.

1940ల దశకంలో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’తో సీతారామారావు వచ్చాడు. అతనికీ మంచి కుటుంబం, చదువు, పేరుప్రతిష్ఠలు వారసత్వంగా దక్కాయి. నారాయణరావుకు నిచ్చెనమెట్లయినవే ఇతనికి మోయలేని బరువులయ్యాయి. వంశగౌరవం నిలపడానికి ఆస్తి ఖర్చు చేస్తాడు, అది కరిగిపోయాక మనుషులను పోగొట్టుకుంటాడు, చివరికి తనను తానే నాశనం చేసుకుంటాడు. అతనికి శారద వంటి పాఠకురాలు కథలో ఎవరూ లేరు. తనను చూసుకుని తీర్పు చెప్పుకునే పని కూడా అతని మీదే పడింది.