చెరువు కట్టయు నేటి పటమును: మధుర, కోయంబత్తూరు సీమల వరదకట్టడముల వర్గీకరణము

మధుర నాయకుల చరిత్రమును వ్రాసినవారు కోటలను, మండపములను, ఆ కొలువున వెలసిన తెలుగు వచనకావ్యములను గూర్చి విరివిగా వ్రాసిరి. 1529 మొదలు 1736 వరకు సాగిన ఆ పాలనలోను, అంతకు ముందును దక్షిణమునకు తరలిన తెలుగు కుటుంబములు ఏ నీటిని నమ్ముకొని నిలిచినవో, ఆ నీటిని ఆపిన కట్టలను గూర్చి మాత్రము వ్రాసినది స్వల్పము. దండుతోపాటు సేద్యగాండ్రును, నేతగాండ్రును వచ్చిరి. మధుర చుట్టునుగల కమ్మవారు, రెడ్లు, బలిజలు, రాజకంబళమువారు, కోయంబత్తూరు సీమలోని దేవాంగులు, కమ్మవారు, అరుంధతీయులు మొదలగువారిలో నేటికిని ఇంట తెలుగు పలుకు కుటుంబములు పెక్కు కలవు. వీరిలో చెరువుక్రింద సాగు చేసినవారికి కట్ట తెగుట యననేమో పుస్తకము చూచి తెలిసికొనవలసిన పని లేదు.

ఆ కట్టలకే ఇప్పుడు మరల పేరుపెట్టు పని జరుగుచున్నది. 2004లో ఇంగ్లండున ఆరంభమైన ‘ఓపెన్ స్ట్రీట్ మ్యాప్’ అను అంతర్జాల పటము పదిమంది చేరి గీయునట్టిది. ఇందు ఎవరైనను తమ ఊరి వీధిని, వాగును, కట్టను గుర్తించి దానికొక జాతినామమును తగిలింపవచ్చును. ఈ నామమునే ‘ట్యాగు’ అందురు. ప్రవాహమున కడ్డముగా నిలిపి నీటిని నిలువచేయు గోడ ‘డ్యామ్’. అడ్డముగా నున్నను నీరు తనమీదుగా పొర్లిపోవ నిచ్చునది ‘వియర్’. పల్లపు నేలను ముంపునుండి కాచు ఎత్తైన గట్టు ‘డైక్’. వానల కాలమున మాత్రము నీరు పట్టి తక్కిన కాలమున ఎండియుండునట్లు తీర్చిన పల్లము ‘డిటెన్షన్ బేసిన్’. ఏడాది పొడుగున నీరుండునది ‘రిటెన్షన్ బేసిన్’. ఈ విభాగము చూపునకు చక్కగనే యున్నది. చిక్కు చెరువు దగ్గర వచ్చును.

తమిళనాట సుమారు 39 వేల చెరువులు కలవు. కోయంబత్తూరున కుళమనియు, మధుర దిక్కున కణ్మాయి యనియు వీనికి పేరు. చెరువు కట్ట నీటిని నిలుపునది గనుక డ్యామ్. దిగువ పొలములను, ఇండ్లను కాచునది గనుక డైక్. ఊరివారు నడచునది గనుక బాట. మూడును సత్యమే. ఎండకాలమున చెరువు గర్భము బీడువలె కనబడును. ఉపగ్రహ చిత్రమును చూచి పటము గీయు దూరదేశపువాడు దానిని పచ్చికబయలని వ్రాసినచో అతనిని తప్పుపట్టుట కష్టము. ఇంతవరకు చిన్న చిక్కే. కట్టకొక కొసన మిగులునీరు పొర్లిపోవుటకు రాతితో కట్టిన పల్లపు భాగ మొకటి యుండును. తమిళులు దీనిని కలింగు అందురు. నెల్లూరు సీమలో కలుజు అనియు, ఇతర ఆంధ్ర ప్రాంతములలో అలుగు అనియు, తెలంగాణమున మత్తడి అనియు వాడుక. వరదను గూర్చి మాటలాడునప్పుడు చెరువులో ముఖ్యమైన అవయవ మిదియే. కలింగు మట్టమునకు, కట్ట శిరస్సునకు నడుమ నున్న ఎత్తే ఊరికి రక్ష. నీరు మరికొంత నిలుచునని ఆశపడి కలింగు రాళ్ల నడుమ పలకలో మట్టియో పెట్టి మట్టమును పెంచినచో, ఆ రక్ష అంతకంత తగ్గును. ఇంత పని చేయు కట్టడము పటముమీద నాలుగు గజముల గీత. పెక్కుచోట్ల ఆ గీతయు నుండదు.

వియర్ అను మాట దీనికి సరిపోదా యని అడుగవచ్చును. దగ్గరి మాటయే. అయినను ఒక సంగతి గమనింపదగినది. పందొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు రాజధాని ఇంజనీర్లు ఈ కట్టడములను చూచినప్పుడు తమ భాషలోని మాటలతో తృప్తిపడలేదు. ‘అనికట్’, ‘కలింగుల’ అని ఈ దేశపు మాటలనే ఇంగ్లీషులోనికి తీసికొనిరి. 1886లో వెలువడిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువున ఈ రెండు పదములును చోటు చేసికొన్నవి. ధవళేశ్వరమున గోదావరికి అడ్డముగా 1852 నాటికి పూర్తియైన కట్టడము వారి కాగితములలో సైతము ఆనకట్టయే. నాటి దొరలు నేర్చుకొన్న భేదమును నేటి పటము మరచినదని చెప్పక తప్పదు.

వర్గీకరణము మన పూర్వులకు క్రొత్త విద్య కాదు. కడప మండలమున పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. విజయనగర రాజకుమారుడైన భాస్కర భవదూరుడు త్రవ్వించిన ఆ చెరువున వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పని చేసినట్లు శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, విడువవలసిన ఆరు దోషములను అందు లెక్కించిరి. జలశాస్త్ర మెరిగినవాడు, గట్టినేల, తీయని నీటి నది, కొండల నడుమ రాతికట్ట, చేరువనే రాతిగని, పని నేర్చిన జనము — ఇట్టివి అంగములు. కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై సాగు ఎక్కువగుట, సాగు తక్కువై నీరు ఎక్కువగుట దోషములు. రెండు రాజ్యముల సరిహద్దున నుండుటయు ఒక దోషమే. 1895లో పెన్నీక్విక్ అను ఇంజనీరు పూర్తిచేసిన పెరియారు ఆనకట్ట నేడు కేరళమున నున్నది. దానిని నడపునది తమిళనాడు. దాని నీరు కొండసొరంగము గుండ వైగైలో చేరి మధుర పొలములకు వచ్చుచున్నది. శాసనకర్త చెప్పిన దోషము ఎంతటిదో ఆ రెండు రాష్ట్రముల వివాదము నెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ జాబితాలో వస్తువు ఆకారముకంటె దాని సంబంధములకే ప్రాధాన్యము కలదు. నీరెక్కడనుండి వచ్చును, ఎంత నేలకు పోవును, ఎవరి యెల్లలో నున్నది అనునవే ప్రశ్నలు. విజయనగర సీమలనుండి దక్షిణమునకు దిగినవారికి చెరువన్నది ఇట్టి సంబంధముల ముడియే. పటములో తప్పిపోవుచున్నది సరిగా ఈ ముడియే.

కోయంబత్తూరును చూడుడు. వెళ్ళింగిరి కొండలలో పుట్టిన నొయ్యల్ నదికి చిత్తిరైచావడి మొదలగు ఆనకట్టలు కలవు. అచ్చటనుండి బయలుదేరిన కాలువ కృష్ణాంపతి, సెల్వంపతి, కుమారస్వామి చెరువు, సెల్వచింతామణి, ఉక్కడము పెరియకుళము, వాలాంకుళము అను చెరువులను హారమువలె కూర్చుచున్నది. పై చెరువు కలింగు విడిచిన మిగులునీరే క్రింది చెరువునకు ఆదాయము. కావున ఒకే కాలువ పై చెరువునకు వరదకాలువ, క్రింది చెరువునకు పంటకాలువ. దీనిని ‘కెనాల్’ అనవలెనా, వృథానీటిని తీయు ‘డ్రెయిన్’ అనవలెనా? పట్టణము పెరిగి మురుగు కలిసిన తరువాత చూచినవారు డ్రెయిన్ అనియే వ్రాయుదురు. ఒకమారు మురుగుకాలువ యని పేరుపడిన దానిని ఇరుకు చేయుటకు, కప్పివేయుటకు ఎవరికిని మనసు జంకదు. హారములో ఒక పూస తెగినచో దాని నీరంతయు ఒక్కుమ్మడిగా క్రింది చెరువుమీద పడును. ఈ మధ్య స్మార్ట్ నగర పథకము క్రింద పెరియకుళము మొదలగువాని కట్టలపై నడకదారులు వేసిరి. సాయంకాలము జనులు తిరుగుట మంచిదే. కాని కట్టకు ఉద్యానమను ఒక్క పేరే మిగులరాదు. ఒకే గీతకు బాటయనియు, వరదగట్టనియు రెండు ట్యాగులు తగిలించుట పటమున సాధ్యమే.

మధురలో ఇదే కథ మరింత కటువుగా నడచినది. 1959లో ప్రారంభమైన వైగై ఆనకట్ట నిండు మట్టము 71 అడుగులు. నీరు 66 అడుగులకు చేరగనే మొదటి వరద హెచ్చరిక యిత్తురు. దీనిని డ్యామ్ అనుటలో వివాదము లేదు. వివాదము నగరములోని చెరువులది. వైగై ఉత్తరపు గట్టున సెల్లూరు కణ్మాయి కలదు. దాని మిగులునీటిని నదికి చేర్చునది పందల్‌గుడి కాలువ. 2024 అక్టోబరులో కురిసిన కుండపోతకు సెల్లూరు ప్రాంతపు వీధులు, ఇండ్లు మునిగినవి. పందల్‌గుడి కాలువ చాలకపోయినది. మురుగు మోయుచున్నను అది జన్మతః చెరువు వరదకాలువ. ఆ లెక్కలోనే దాని వెడల్పును కొలువవలెను. ఇక 1645లో తిరుమల నాయకుడు త్రవ్వించిన వండియూరు తెప్పకుళము ఈ తెగకు చెందదు. అది దేవుని తెప్పోత్సవమునకు కట్టిన రాతిమెట్ల కోనేరు. దానిని వండియూరు కణ్మాయితో కలిపి ఒకే తరగతిలో చేర్చుట వట్టి పొరపాటు.

వీనికి క్రొత్త ట్యాగులను కల్పింపవలె ననుట కాదు. ఉన్న నియమములే చాలవరకు పనికివచ్చును. కాలువ గీతను నీరు పారు దిక్కునకే గీయవలెనను నియమ మొకటి పటమున కలదు. చెరువు గుండ కూడ ఆ గీతను లాగి లోపలికి వచ్చు కాలువను, బయటికి పోవు కాలువను కలుపవచ్చును. అట్లు చేసిన కలింగు చోటు తనంతట తెలియును. ఎండిపోవు చెరువునకు ఋతువునుబట్టి నీరుండునదను గుర్తు నిచ్చినచో అది బీడు కాదని తెలియును. పేరుల విషయమున మాత్రము జాగ్రత్త అవసరము. తమిళ నామముతోపాటు తెలుగు నామమునకు ప్రత్యేకముగ చోటున్నది. కాని అందు వాడుకలో నున్న పేరునే వ్రాయవలెను. పెరియకుళమునకు అర్థము పెద్దచెరువే యైనను, ఎవరును అట్లు పిలువనిచో ఆ మాటను కల్పించి చేర్చుట తెలుగుమీది ప్రేమ యనిపించుకొనదు. వాడుక ఏదియో ముసలివారి నడిగి తేల్చవలెను; తమిళమున చదువుకొన్న మనుమలకు ఆ మాటలు ఇంటనే దొరకును.

కలింగు రాళ్లు ఆకాశమునుండి తీసిన చిత్రములలో చెట్లక్రింద మరుగుపడును. వానిని చూచుటకు కట్టమీద నడువవలెను. అందుకు తగిన కాలము చైత్ర వైశాఖములు. అప్పుడు నీరు తగ్గి రాళ్లు బయటపడును. అక్టోబరున ఈశాన్యపు వానలు పట్టిన తరువాత కలింగు ఎచ్చట నున్నదో నీరే చూపును.